అల్లిక మీద జ్ఞాపకాల పుస్తకం: అందులో అల్లిక ఎక్కడుంది?

ఊలుబుట్ట:
ఈమధ్య అందరి చేతుల్లోనూ కనిపిస్తున్న ఆ అల్లిక జ్ఞాపకాల పుస్తకం నేనూ చదివాను. పేరు కావాలనే రాయడం లేదు. చదివినవాళ్లకి ఏ పుస్తకమో వెంటనే తెలుస్తుంది. పైగా నా బాధ ఈ ఒక్క పుస్తకంతో ఆగేది కాదు, ఇదే కోవలో వచ్చిన మరికొన్ని చదివినప్పుడూ ఇదే వెలితి కలిగింది.

చదవనివాళ్ల కోసం కథ చెప్తాను. తల్లి చనిపోతుంది. ఆమె సగం అల్లి వదిలేసిన స్వెట్టర్ బీరువాలో దొరుకుతుంది. వీపు భాగం పూర్తయింది, ముందు భాగం చంకల దాకా వచ్చి ఆగింది, కుట్లు ఇంకా సూది మీదే ఉన్నాయి. కూతురికి అల్లిక అంతంతమాత్రమే వచ్చు. అయినా తనే పూర్తి చెయ్యాలనుకుంటుంది. మొదటి అధ్యాయం ఇంతే. అల్లిక తెలిసినవాళ్లెవరూ అక్కడ పుస్తకం మూయలేరు. ఇంతకన్నా బలమైన ఎత్తుగడ ఇంకేం కావాలి?

ఆ తర్వాత రెండువందల పైచిలుకు పేజీల్లో పెళ్లి ఉంది, విడిపోవడం ఉంది, ఉద్యోగం మానేయడం ఉంది. అల్లిక వచ్చినప్పుడల్లా ఏదో ఒక నీతి కోసమే వస్తుంది. కుట్టు జారింది అంటే కాపురం జారింది అని అర్థం. విప్పి మళ్లీ అల్లింది అంటే బతుకు మళ్లీ మొదలుపెట్టింది అని అర్థం. చివరి అధ్యాయంలో ఒకే ఒక్క వాక్యం: స్వెట్టర్ పూర్తయింది, వేసుకుంది.

ఎలా పూర్తయింది? అమ్మ చేతి బిగువు తన చేతికి వచ్చిందా? ఊలు సరిపోయిందా? అమ్మ ఆపిన చోట గుర్తుపట్టేలా గీత పడిందా? ఇవేవీ లేవు. నాకు చాలా నిరాశ కలిగింది. మీకూ అలాగే అనిపించిందా, నేనే ఎక్కువ ఆశించానా?

వరసలెక్క:
మీరు ఎక్కువేం ఆశించలేదు. మొదటి అధ్యాయంలో ఆ ప్రశ్న లేవనెత్తింది రచయిత్రే. జవాబు ఆవిడే చెప్పాలి.

వేరేవాళ్లు మొదలుపెట్టిన స్వెట్టర్ పూర్తి చెయ్యడమంటే ఏమిటో అల్లనివాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. ఆ తల్లి చేతికి 10 సెంటీమీటర్ల వెడల్పులో 22 కుట్లు వస్తున్నాయనుకుందాం. ముందు భాగానికి 110 కుట్లు వేసుకుంటే వెడల్పు సరిగ్గా 50 సెంటీమీటర్లు. కూతురిది కాస్త బిగువు చెయ్యి, అదే ఊలు, అవే సూదులు, కానీ 10 సెంటీమీటర్లకి 24 కుట్లు పడుతున్నాయి. అప్పుడు అవే 110 కుట్లు 46 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. అంటే చంకల దగ్గర్నుంచి స్వెట్టర్ ఉన్నట్టుండి నాలుగు సెంటీమీటర్లు సన్నబడుతుంది. అటు వీపు భాగం మొత్తం తల్లి చేతిది. రెండూ కలిపి కుట్టబోతే భుజాలు కలవవు.

కాబట్టి కూతురు ముందు ఒక చిన్న నమూనా ముక్క అల్లి కొలుచుకోవాలి. తర్వాత కాస్త లావు సూదులు తీసుకుని మళ్లీ అల్లి మళ్లీ కొలవాలి. వెడల్పు కలిసినా ఎత్తు కలవకపోవచ్చు, అప్పుడు వరసల లెక్క మార్చుకోవాలి. తల్లి చెయ్యి ఎలా కదిలేదో కూతురు నేర్చుకునేది ఇక్కడే. దుఃఖం గురించి రాయదలుచుకున్న మనిషికి ఇంతకన్నా చోటు ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ దీన్ని వదిలేసి సముద్రపు ఒడ్డున నడక గురించి పద్దెనిమిది పేజీలు రాశారు.

వెన్నెలపేజీ:
నాకు అల్లడం రాదు. పాఠకురాలిగా మాత్రమే మాట్లాడుతున్నాను.

ఇది జ్ఞాపకాల పుస్తకం, అల్లిక నేర్పే పుస్తకం కాదు. సూది సైజు ఎంత, 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు అన్న వివరాలు పెడితే నాలాంటివాళ్లు రెండో అధ్యాయంలోనే ఆపేసేవాళ్లం. తల్లి పోయిన దుఃఖం గురించి ఆవిడ రాసిన కొన్ని పేజీలు నన్ను నిజంగా కదిలించాయి. ముఖ్యంగా ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచిని నెలల తరబడి విప్పలేకపోవడం. ఆ భాగం రాయడానికి ధైర్యం కావాలి.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. పుస్తకం మూశాక ఆ తల్లి ఎలాంటి మనిషో నాకు తెలియలేదు. కోపం వస్తే ఏం చేసేది? ఎవరి కోసం అల్లేది ఆ స్వెట్టర్? పుస్తకంలో ఆమె ఎప్పుడూ నవ్వుతూ, సహనంగా, అల్లుతూ ఉంటుంది. నా నిరాశ మీ నిరాశ ఒకటి కాదేమో.

నాలుగోసూది:
రెండూ ఒకటేనండీ. ఆ తల్లి గురించి కూతురి దగ్గరున్న పెద్ద ఆధారం ఆ సగం స్వెట్టరే. దాన్ని దగ్గరగా చూడలేదు కాబట్టే తల్లి కనపడలేదు.

అల్లిన బట్టలో మనిషి తెలుస్తుంది. దారాన్ని సూది చుట్టూ ఏ వైపు నుంచి తిప్పారన్నదాన్ని బట్టి కుట్టు సూది మీద కూర్చునే తీరు మారుతుంది. సూదికి ముందొకటి వెనకొకటిగా ఉండే ఉచ్చు రెండు పోగుల్నీ కాళ్లు అంటాం. కొందరికి కుట్టు కుడికాలు ముందుకి ఉంటుంది, కొందరికి ఎడమకాలు. పర్ల్ వరసలో (మామూలు నిట్ కుట్టుని తిరగేసి అల్లే వరసలో) దారం ఎదురు వైపు నుంచి తిప్పేవాళ్ల కుట్లని మామూలుగా ముందు నుంచి అల్లేస్తే ప్రతి కుట్టూ మెలిపడుతుంది. తల్లి సూది మీద వదిలిన ఆ ఆఖరి వరస చూడగానే కూతురికి ఇది కనపడి ఉండాలి: అమ్మ దారం ఏ వైపు నుంచి తిప్పేది. అలా తిప్పడం ఎవరి దగ్గర నేర్చుకుందో అన్న ప్రశ్న అక్కడే పుట్టాలి. ఆ ఒక్క వరస మీద ఒక అధ్యాయం రాయొచ్చు.

పాతపుటలు:
నా అభ్యంతరం వేరు. అల్లిక చరిత్ర అని రాసిన అధ్యాయంలో ఉన్న తప్పులు నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి.

మొదటిది పెనెలొపి. పగలు చేసి రాత్రి విప్పే ఆ గ్రీకు రాణిని ఈవిడ ‘మొట్టమొదటి అల్లికరి’ అన్నారు. పెనెలొపి అల్లలేదు, మగ్గం మీద నేసింది, మామగారు లెయర్టీస్ కోసం శవవస్త్రం. నేతలో నిలువు దారాలు, అడ్డ దారాలు రెండు వరసలు ఒకదాన్నొకటి దాటుతాయి. అల్లికలో ఒకటే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాంట్లోంచి ఒకటి బయటికొస్తుంది. మనకి దొరికిన నిజమైన రెండు సూదుల అల్లిక ముక్కల్లో బాగా పాతవి ఈజిప్టువి, సుమారు 11 నుంచి 14వ శతాబ్దాల మధ్యవి. పెనెలొపి కథ చెప్పిన గ్రీకు కవి హోమర్ కాలానికీ వాటికీ పదిహేను వందల ఏళ్లకి పైగా తేడా. అంతకన్నా పాత ఈజిప్టు సాక్సులు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, బొటనవేలికి విడిగా అర ఉన్నవి. అవి చూడ్డానికి అల్లినట్టే ఉంటాయి గానీ ఒంటి సూదితో కుట్టే వేరే పద్ధతిలో చేసినవి.

రెండోది ఆరన్ స్వెట్టర్ల కథ. ఐర్లండ్ పడమటి తీరంలోని ఆరన్ దీవుల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక నమూనా ఉండేదనీ, మునిగిపోయిన జాలరి శవం ఒడ్డుకి కొట్టుకొస్తే స్వెట్టర్ చూసి ఏ ఇంటివాడో గుర్తుపట్టేవారనీ ఈవిడ చరిత్రగా రాశారు. అది చరిత్ర కాదు. ఆ స్వెట్టర్ల శైలే 20వ శతాబ్దం తొలినాళ్లలో రూపుదిద్దుకుంది. వాటికి వేల ఏళ్ల ప్రాచీనతని అంటగట్టి ప్రచారం చేసినవాళ్లలో ఆక్స్‌ఫర్డ్‌లో ఊలు వ్యాపారం చేసిన హైన్జ్ కీవే ముఖ్యుడు. 1967లో ఆయన దాని మీద పుస్తకమే వేశాడు. కుటుంబానికొక నమూనా అన్నదానికి ఆధారం లేదు.

ఈ కథకి మూలం అని చాలామంది చూపించేది ఐరిష్ రచయిత జె. ఎం. సింజ్ నాటకం ‘రైడర్స్ టు ద సీ’. 1904లో మొదటిసారి ఆడారు. అందులో అన్న చనిపోయాడని చెల్లెళ్లకి తెలిసేది స్వెట్టర్ నమూనా వల్ల కాదు, మేజోడు వల్ల. అదీ ఏ అలంకారమూ లేని సాదా మేజోడు. తను అరవై కుట్లు వేసుకుని నాలుగు వదిలానని చెల్లెలికి గుర్తుంది. ఆ లెక్క చూసుకుని తెలుసుకుంటుంది.

ఊలుబుట్ట:
పాతపుటలు గారూ, చాలా థాంక్స్. నాకు కావాల్సింది ఇదే.

ఇంటి నమూనా కాదు, కులచిహ్నం కాదు. తన చేత్తో తను వేసిన కుట్ల లెక్క. ఆ నాటకంలో ముందు చొక్కా గుడ్డతో పోల్చి చూడాలనుకుంటారు, కానీ అలాంటి గుడ్డ ఎవరి ఒంటి మీదైనా ఉండొచ్చు. మేజోడు విషయంలో మాత్రం ఆ అమ్మాయికి ఇక సందేహం మిగల్లేదు. ఒక్క అంకెలో అన్న ఉన్నాడు, అల్లిన చెల్లెలు ఉంది, పోయాడన్న నిశ్చయం ఉంది.

మన రచయిత్రి ఆ కథకి అందమైన అబద్ధపు రూపాన్నే ఎంచుకున్నారు. ఆవిడ తన తల్లి స్వెట్టర్ కుట్లు లెక్కపెట్టారా? పుస్తకంలో ఎక్కడా లేదు.

నీలిదారం:
వెనకపేజీల్లో ఇచ్చిన మఫ్లర్ నమూనా ఎవరైనా చూశారా? ‘కొత్తవాళ్ల కోసం, అమ్మ జ్ఞాపకంగా’ అని ఇచ్చారు. 40 కుట్లు వేసుకోండి, ఒక వరస నిట్, ఒక వరస పర్ల్, కావలసిన పొడవు వచ్చేదాకా. అంతే. అంచు లేదు.

అలా అల్లితే మఫ్లర్ రెండు పక్కలా వెనక్కి చుట్టుకుపోతుంది, కింద పైన ముందుకి చుట్టుకుంటుంది. నిట్ ముఖం, పర్ల్ ముఖం రెండూ ఒకేలా ఒత్తవు, ఆ తేడా వల్ల బట్ట ఒకవైపు వంగుతుంది. తడిపి పిన్నులు పెట్టి ఆరబెట్టినా కొంతకాలానికి మళ్లీ మొదటికే వస్తుంది. రెండు స్వెట్టర్లు అల్లినవాళ్లెవరైనా ఇది చూడగానే చెప్తారు. ఒక్క అల్లికరి చేత చదివించి ఉంటే ఆ పేజీ అలా అచ్చయ్యేది కాదు. పుస్తకం మీద నాకు నమ్మకం పోయింది అక్కడే, ఎందుకంటే ఆ పేజీ నమ్మి సూదులు కొనుక్కునే కొత్తవాళ్లు ఉంటారు.

కొత్తదారం:
నమస్కారం అండీ. అలా కొనుక్కున్న కొత్తవాళ్లలో నేనొకదాన్ని. ఈ పుస్తకం చదివే అల్లిక మొదలుపెట్టాను. ఆ మఫ్లరే అల్లుతున్నాను, చుట్టుకుపోతోంది. చెయ్యి కుదరకేమో అనుకుని దిగులుపడ్డాను.

మీరంతా రాసింది చదివితే పుస్తకం నచ్చడమే తప్పేమో అనిపిస్తోంది. నాకు నచ్చింది. మా ఇంట్లోనూ ఒక చావు జరిగింది, ఆ సమయంలో చదివాను.

నీలిదారం:
తప్పు మీ చేతిది కాదమ్మా, నమూనాది. అల్లినంతవరకు విప్పక్కర్లేదు కూడా. ఇంకో మార్గం ఉంది, కింద రాస్తాను.

పుస్తకం నచ్చడం తప్పు కానే కాదు. అది మీ చేతికి సూదులు ఇచ్చింది, ఆ మేలు నిజం.

వెన్నెలపేజీ:
కొత్తదారం గారూ, నేనూ మీ పక్షమే. కొన్ని పుస్తకాలు మనకి అవసరమైన వేళ దొరుకుతాయి, ఆ అవసరం తీరుస్తాయి.

గడియారంముల్లు:
ఆరోగ్యం గురించి రాసిన అధ్యాయం మాట. అల్లిక దిగులు రోగాన్ని తగ్గిస్తుందని ‘శాస్త్రం రుజువు చేసింది’ అని రాశారు. అలా రాయకూడదు. ఇలాంటి మాటలకి ఎక్కువమంది చూపించే అధ్యయనం 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీలో వచ్చింది. జిల్ రైలీ, బెట్సన్ కార్క్‌హిల్, క్లేర్ మోరిస్ చేసినది. ఆన్‌లైన్‌లో అడిగిన ప్రశ్నలకి 3,545 మంది అల్లేవాళ్లు జవాబిచ్చారు. ఎక్కువసార్లు అల్లేవాళ్లు మనసు నెమ్మదిగా, సంతోషంగా ఉంటోందని ఎక్కువగా చెప్పారు. అది మంచి సమాచారమే. కానీ జవాబిచ్చినవాళ్లంతా అప్పటికే అల్లిక ఇష్టపడేవాళ్లు, అల్లనివాళ్లతో పోల్చి చూడలేదు. ఎక్కువ అల్లడం వల్ల నెమ్మది వచ్చిందో, నెమ్మదిగా ఉన్నవాళ్లే ఎక్కువ అల్లుతున్నారో దాన్నిబట్టి చెప్పలేం.

వైద్యం తీసుకుంటున్న మనిషి ఈ పుస్తకం చదివి మందులు మానేసి సూదులు పట్టుకుంటే ఎలా? నాకు నిజంగా భయం వేసింది. అల్లిక నాకూ చాలా ఉపశమనం ఇస్తుంది. అది చెప్పడానికి ‘నాకు’ అన్న మాట చాలు.

ఇంకొకటి. పుస్తకం మొత్తంలో చెయ్యి నొప్పి లేదు. బిగువుగా అల్లేవాళ్లకి మణికట్టు, బొటనవేలి మొదలు ఎంత బాధపెడతాయో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంత అల్లిన రచయిత్రి చెయ్యి ఒక్కసారైనా నొప్పెట్టదా?

దారికాచినది:
ఈ చర్చ చదువుతుంటే నాకు బాధగా ఉంది. ఒకావిడ తల్లిని పోగొట్టుకుని తన మనసు విప్పి రాసుకుంది. మీరు నమూనా ముక్క అల్లిందా, లెక్క సరిపోయిందా అని పరీక్ష పెడుతున్నారు. అల్లిక మీ సొత్తు కాదు. 2020లో ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో ఎంతమంది కొత్తగా మొదలుపెట్టారు! వాళ్లందరినీ ఇలాగే ప్రశ్నిస్తే ఎవరు మిగుల్తారు? ఆవిడ దుఃఖాన్ని కొలవడానికి మీరెవరు?

వరసలెక్క:
దుఃఖాన్ని ఎవరూ కొలవడం లేదు. ఆ దుఃఖం నిజమేనని నేను పూర్తిగా నమ్ముతున్నాను. అందుకే అడుగుతున్నాను.

అట్ట మీద అల్లిక, పేరులో అల్లిక, ప్రతి అధ్యాయం పేరూ ఒక కుట్టు పేరు. డబ్బు పెట్టి కొన్న పాఠకుడికి ఆ మాట మీద కొంత హక్కు ఉంది. ఆవిడ అల్లిక సరిగ్గా రాకపోవడం గురించి రాసినా నేను సంతోషంగా చదివేదాన్ని. కుట్లు కలవక ఏడ్చాను, మూడుసార్లు విప్పాను, నాలుగోసారి అమ్మ చెయ్యి అర్థమైంది అని రాస్తే చాలు. ప్రావీణ్యం అడగడం లేదు, శ్రద్ధగా చూడమంటున్నాం.

ఒక లెక్క చెప్తాను. ఒంటి చుట్టూ మొత్తం 220 కుట్లు, 10 సెంటీమీటర్లకి 28 వరసలు, చంకల దాకా 40 సెంటీమీటర్లు అనుకుంటే ఒంటి భాగానికే 24,640 కుట్లు. చేతులు, మెడ ఇంకా మొదలే పెట్టలేదు. ఒక తల్లి ఒకరి కోసం అన్నిసార్లు దారం తిప్పింది. ‘పూర్తయింది, వేసుకుంది’ అని దాటేస్తే ఆ తల్లి పడ్డ కష్టాన్నే దాటేసినట్టు కాదా?

నిర్వాహకులు:
అందరికీ మనవి. పుస్తకం గురించి ఎంతైనా మాట్లాడండి. రచయిత్రి సొంత జీవితం, కుటుంబం గురించి పుస్తకంలో లేని ఊహాగానాలు చెయ్యవద్దు. అలాంటి రెండు వ్యాఖ్యలు తీసేశాం.

వెన్నెలపేజీ:
నిన్నటి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. అల్లిక వివరాలు నాకు విసుగు పుట్టిస్తాయని పైన రాశాను. అప్పుడే వర్జీనియా వుల్ఫ్ ‘టు ద లైట్‌హౌస్’ గుర్తొచ్చింది, 1927లో వచ్చిన నవల. అందులో మిసెస్ రామ్సే దీపస్తంభం కాపలాదారు చిన్నకొడుకు కోసం ఒక మేజోడు అల్లుతుంటుంది. తన కొడుకు జేమ్స్ కాలికి ఆనించి పొడవు చూస్తుంది. పిల్లవాడు కదులుతుంటాడు, కదలొద్దని కసురుతుంది. మేజోడు ఇంకా పొట్టిగానే ఉంది.

ఎన్ని కుట్లో, ఏ సూదో వుల్ఫ్ చెప్పలేదు. అయినా అల్లిక అక్కడ ఉంది, ఎందుకంటే ఆ మేజోడుకి ఒక కాలు ఉంది, ఒక పొడవు ఉంది, అది చాలలేదు. అల్లడం రాని నాకు ఒక్క క్షణం కూడా విసుగు రాలేదు. తల్లీకొడుకుల మధ్య ఉన్నదంతా ఆ కొలతలోనే తెలిసింది.

కాబట్టి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. వివరాలు ఎక్కువైతే ఆపేసేదాన్నన్నది నిజం కాదు. ఎవరికీ చెందని వివరాలైతే ఆపేసేదాన్ని. అయినా పుస్తకం పూర్తిగా విఫలమైందని మాత్రం ఒప్పుకోను. ఆ ఆసుపత్రి సంచి పేజీలు నా దగ్గర ఉంటాయి.

పాతపుటలు:
వుల్ఫ్ రాసింది నవల. నవలలో అల్లిక కల్పించుకోవచ్చు. జ్ఞాపకాల పుస్తకంలో ఆ స్వెట్టర్ నిజంగా బీరువాలో ఉంది, తీసి చూడొచ్చు. ఆ తేడా మనం మర్చిపోకూడదు.

నాలుగోసూది:
జ్ఞాపకం, అల్లిక రెండూ ఒకే పేజీలో ఇమడవని ఎవరైనా అంటే నేను ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ (1910–1999) పేరు చెప్తాను. ఇంగ్లండ్‌లో పుట్టి, తర్వాత అమెరికాలో విస్కాన్సిన్‌లో స్థిరపడ్డారు. మొదటి పుస్తకం 1971లో వచ్చింది. ఆవిడ రాసింది అల్లిక నేర్పే పుస్తకాలే, జ్ఞాపకాలు అని పేరు పెట్టలేదు. కానీ చదివితే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. ఏం నచ్చదు, ఎందుకు నచ్చదు, విడి ముక్కలు కలిపి కుట్టడం తనకెంత విసుగు, అన్నీ మొహమాటం లేకుండా చెప్తారు.

ఛాతీ కుట్ల సంఖ్యని నూరు శాతంగా తీసుకుని స్వెట్టర్‌లో మిగతా కొలతలన్నీ దాంట్లో వంతులుగా లెక్కగట్టే పద్ధతి ఆవిడ ప్రచారంలోకి తెచ్చిందే. మణికట్టు దగ్గర సుమారు ఐదో వంతు, అలాగ. ఎదుటివాళ్ల నమూనాకి లొంగిపోకుండా నీ ఊలుకి, నీ చేతికి, నువ్వు ఎవరికి అల్లుతున్నావో ఆ ఒంటికి నువ్వే లెక్క వేసుకో అన్నది ఆవిడ పట్టుదల. ఆ లెక్కలోనే ఆవిడ స్వభావం అంతా ఉంది. నా దగ్గరున్న ప్రతి చాలా నలిగిపోయింది. ఏ జ్ఞాపకాల పుస్తకం చదివినా ఒక రచయితని అంత దగ్గరగా ఎరగను.

మూడోతరం:
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. ఇది నాకు బాగా దగ్గరి విషయం కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మమ్మ వదిలేసిన స్వెట్టర్ నేను పూర్తిచేశాను. ఈ పుస్తకం ఎంతో ఆశగా కొన్నది అందుకే. నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారు అనుకున్నాను.

నాకు ఎదురైనవి చెప్తాను. మొదటిది ఊలు. రెండు ఉండలు తక్కువయ్యాయి. అదే కంపెనీ, అదే రంగు నంబరు దొరికింది గానీ రంగు వేసిన విడత వేరు. ఉండలు పక్కపక్కన పెడితే తేడా తెలియలేదు, అల్లాక మాత్రం అడ్డంగా గీత గీసినట్టు కనిపించింది. అందుకని అమ్మమ్మ మిగిల్చిన ఊలు నుంచి రెండు వరసలు, కొత్తదాన్నుంచి రెండు వరసలు మారుస్తూ అల్లాను. అప్పుడు ఒక రంగు ఇంకోదాంట్లోకి కలిసిపోయింది, గీత లేదు.

రెండోది చెయ్యి. అమ్మమ్మది వదులు చెయ్యి అని అందరూ అనేవారు. ఆ స్వెట్టర్ కింది భాగం అలాగే ఉంది, మెత్తగా, జారుతున్నట్టు. కానీ పైకి వచ్చేకొద్దీ కుట్లు బిగుసుకున్నాయి. మొదట అర్థం కాలేదు. తర్వాత వరసలు కొలుస్తుంటే తెలిసింది, ఆమెకి వేళ్లు సరిగా కదలని రోజులవి. సూది జారిపోతుందేమోనని గట్టిగా పట్టుకునేది. మాతో ఎప్పుడూ చెప్పలేదు. డాక్టరుకి చెప్పిందో లేదో తెలియదు. ఆ బట్టలో మాత్రం ఎక్కడ మొదలైందో వరసతో సహా ఉంది.

నేను ఆ బిగువు వరసల నుంచే కొలత తీసుకుని నా సూదులు మార్చుకున్నాను. అయినా మా ఇద్దరి చేతులూ కలిసిన చోట వెలుతురుకి పట్టి చూస్తే తెలుస్తుంది. ఆ చోటు కనపడకుండా చెయ్యొచ్చు, విప్పి అంతా నేనే అల్లితే సరిపోయేది. అలా చెయ్యబుద్ధి కాలేదు.

ఆ పుస్తకంలో ఈ చోటు కోసం వెతికాను. రచయిత్రికి అలాంటి చోటు తప్పకుండా ఉండి ఉంటుంది, ఇద్దరు మనుషులు అల్లిన ఏ బట్టలోనైనా ఉంటుంది. ఆవిడ దాన్ని చూశారో లేదో, చూసి రాయలేకపోయారో. నాకు కోపం లేదు. చాలా ఒంటరిగా మాత్రం అనిపించింది.

ఊలుబుట్ట:
మూడోతరం గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. వేళ్లు బిగుసుకున్న సంగతి వరసల్లో దొరకడం! నేను ఆ పుస్తకంలో ఆశించింది ఇదేనని ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

దారికాచినది:
నేను పైన కాస్త గట్టిగానే రాశాను. ఆవిడ మీద జాలి తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ మూడోతరం గారు రాసింది చదివాక మీరంతా ఏం అడుగుతున్నారో అర్థమైంది. ఇలాంటిది రాయడం కష్టం. ఆవిడ ఇంకో పుస్తకం రాస్తే అందులో ఉండొచ్చు.

గడియారంముల్లు:
మూడోతరం గారూ, ఒక సందేహం. బిగువు వరసలు ఎక్కడ మొదలయ్యాయో ఎలా పట్టుకున్నారు? తడిపి ఆరబెట్టాక కొలిచారా, అంతకుముందేనా?

మూడోతరం:
ముందే కొలిచానండీ, సూది మీద ఉండగానే. తడిపితే ఊలు సర్దుకుంటుంది, తేడా తగ్గిపోతుంది. కింద నుంచి 5 సెంటీమీటర్లకొకసారి వరసలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాను. అంకెలు ఒక్కసారిగా మారలేదు, ఒకచోట నుంచి నెమ్మదిగా పెరుగుతూ వచ్చాయి.

వెన్నెలపేజీ:
ఇది మీరు పూర్తిగా రాయాలి. నాలాంటి అల్లిక రానివాళ్లూ చదువుతారు. ఆ కాగితంతో సహా రాయండి.

మూడోతరం:
ప్రయత్నిస్తాను. ఇక్కడే వేరే చర్చగా మొదలుపెడతాను, కొలతలన్నీ పెడతాను. అమ్మని ముందు అడగాలి.

కొత్తదారం:
నీలిదారం గారూ, మఫ్లర్‌కి ఇంకో మార్గం ఉందన్నారు. నేను ఇప్పటికి అరచెయ్యంత అల్లాను.

నీలిదారం:
అల్లినది అలాగే ఉంచండి. పూర్తయ్యాక పొడవు అంచుల వెంబడి కుట్లు ఎత్తుకుని (అంచు ఉచ్చుల్లోంచి దారం లాగి సూది మీద కొత్త కుట్లు వేసుకుని) ఏడెనిమిది వరసలు అన్నీ నిట్ అల్లితే పక్కలు చాలావరకు నిలబడతాయి. రెండు కొసలకీ అలాగే చెయ్యాలి. లేదా అరచెయ్యంతే కాబట్టి విప్పేసి కొత్తగా మొదలుపెట్టండి: మొదట ఆరు వరసలు అన్నీ నిట్, తర్వాత ప్రతి వరసలోనూ మొదటి ఐదు కుట్లు, చివరి ఐదు కుట్లు ఎప్పుడూ నిట్, మధ్యలో 30 కుట్లు మాత్రం ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. ముగించే ముందు మళ్లీ ఆరు వరసలు నిట్. అప్పటికీ కాస్త వంగుతుంది, మధ్యభాగం లాగుతూనే ఉంటుంది. అసలు వంగకూడదనుకుంటే అన్ని వరసలూ నిట్టే అల్లండి, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, మొదటి మఫ్లర్‌కి నేనైతే అదే చెప్తాను. విప్పిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది, చిలపలా చుట్టి గోరువెచ్చటి నీళ్లలో తడిపి వేలాడదీస్తే తిన్నగా అవుతుంది.

కొత్తదారం:
అన్నీ నిట్ అయితే నాకూ తేలిక. విప్పేస్తున్నానండీ.